శాలువా సరే, ఆ తర్వాత?

విజయపురి సౌత్: కేంద్ర రిజర్వు పోలీసు దళంలోనో, సరిహద్దు భద్రతా దళంలోనో పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు పనిచేసి ఇంటికి వచ్చినవానిని మన పల్నాడు పల్లెల్లో 'మిలట్రీ ఆయన' అంటారు. పెన్షను కాగితాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆయన మిలట్రీ కాడు, కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగి. ఊరు ఒక పేరు పెట్టింది, సర్కారు మరొక పేరు పెట్టింది. ఈ రెండు పేర్ల నడుమ ఆ మనిషికి దక్కవలసిన గౌరవం ఎటూ కాకుండా పోతున్నది.

పదవీ విరమణ చేసి వచ్చినవారికి సన్మానాలు జరగడం లేదని కాదు. మాచర్ల స్టేషనులో రైలు దిగగానే మెడలో దండ పడుతున్నది. డప్పులు మోగుతున్నాయి. బజారులో ఫ్లెక్సీ లేస్తున్నది. శాలువా, జ్ఞాపిక, నాలుగు మంచి మాటలు, భోజనాలు. ఇవన్నీ హర్షించదగినవే. కాని మూడో రోజున ఫ్లెక్సీ తీసేసిన తర్వాత ఆ మనిషిని పలకరించేవారెవరు? ఆయన ముప్పయ్యేళ్లు ఏం పని చేశాడో ఊళ్లో ఎందరికి తెలుసు? ఆయనకు రావలసినది వచ్చిందా, లేదా అని అడిగేవారెవరు? సన్మానం అనేది ఒక సాయంత్రపు వేడుకగా ముగిసిపోరాదని ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

ఇతర ఊళ్ల సంగతి ఎట్లా ఉన్నా, ఈ విషయం ఆలోచించవలసిన బాధ్యత సాగర్ వాసులకు ఎక్కువగా ఉన్నది. ఎందుకంటే కేంద్ర బలగాల ఉద్యోగం ఎటువంటిదో మనం పత్రికల్లో చదివి తెలుసుకున్నవాళ్లం కాదు. మన ఇంటి ముందరే చూసినవాళ్లం.

డ్యాం నేర్పిన పాఠం

2015 ఫిబ్రవరిలో నీటి విడుదల విషయమై రెండు రాష్ట్రాల పోలీసులు సాగర్ డ్యాం మీద ఒకరినొకరు తోసుకున్న ఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకు మించినది 2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటిన తర్వాత జరిగింది. తెల్లవారితే తెలంగాణ శాసనసభకు పోలింగు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు వందల సంఖ్యలో డ్యాం మీదకు వచ్చి, 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీరు వదిలారు. అవతల తెలంగాణ పోలీసులు, ఇవతల ఆంధ్ర పోలీసులు. రెండు పక్కలా ఖాకీలే, రెండు పక్కలా తెలుగువాళ్లే. అయినా క్షణక్షణం ఏమవుతుందోనన్న భయం.

డిసెంబరు 1న కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఇరు రాష్ట్రాల అధికారులతో వీడియో సమావేశం జరిపారు. నవంబరు 28 నాటి పరిస్థితికి తిరిగి పోవాలని, డ్యాం రక్షణను కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అప్పగించాలని, నీటి విడుదలను కృష్ణా నదీ యాజమాన్య బోర్డు చూడాలని నిర్ణయం జరిగింది. ఆ వెంటనే కేంద్ర బలగాలు డ్యాం మీదకు వచ్చాయి.

ఇందులో ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్న చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. కుడి కాలువ రైతుకు నీళ్లు కావాలి. ఎడమ కాలువ రైతుకూ కావాలి. ఏ పోలీసుకు ఆ ప్రభుత్వపు ఆజ్ఞ. కాని ఆ నడుమ వచ్చి నిలబడిన జవానుకు ఇటు ఎకరం లేదు, అటు ఎకరం లేదు. ఆయనకు మన భాష కూడా వచ్చి ఉండకపోవచ్చు. ఆ నీళ్లు ఎటు పారినా ఆయన ఇంట్లో ఒక్క గింజ పండదు. అయినా ఎండలో, వానలో నిలబడ్డాడు. ఎవరి పక్షమూ కాకుండా నిలబడడమే ఆయన ఉద్యోగం. ఎవరి పక్షమూ కానివాడు కనుకనే ఇరుపక్షాలూ వెనక్కు తగ్గగలిగాయి.

దీనికి మరొక వైపు కూడా ఉన్నది. మన డ్యాం మీద ఏ బీహారు బిడ్డో, రాజస్థాను బిడ్డో నిలబడితే, మన పల్నాడు బిడ్డ మరెక్కడో అట్లాగే నిలబడి ఉంటాడు. 2023 మే నెలలో మణిపూర్‌లో రెండు తెగల మధ్య మంటలు రేగినప్పుడు ఆ రెండింటి నడుమ కాపలా కాసినవారు కేంద్ర బలగాల వారే. అక్కడి వారికి మన పిల్లవాడు ఎవరు? ముక్కూ మొహం తెలియని పరాయివాడు. ఇరువైపుల నుంచీ రాళ్లు పడినా కదలకుండా నిలబడినవాడు. అటువంటివాడు ఉద్యోగం ముగించుకుని ఇంటికి వస్తే, ఆయనను అర్థం చేసుకోగలిగిన ఊరు ఏదైనా ఉంటే అది సాగర్ కావాలి.

ఉద్యోగం కాదు, ఊళ్లు తిరగడం

కేంద్ర రిజర్వు పోలీసు దళం పుట్టింది 1939 జులై 27న, మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో. అప్పట్లో దాని పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీసు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1949 చివరలో వచ్చిన చట్టంతో ఇప్పటి పేరు పెట్టారు. ఆ తర్వాత 1965 డిసెంబరులో సరిహద్దు భద్రతా దళం, 1969 మార్చిలో పారిశ్రామిక భద్రతా దళం వచ్చాయి. నేర పరిశోధనకు సి.బి.ఐ. 1963 ఏప్రిల్ 1న ఆ పేరుతో ఏర్పడింది. పోలీసు వ్యవస్థ మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల అధికారంలోనిది. కేంద్ర పోలీసు ఎక్కడికి వెళ్లినా ఒక విధంగా అతిథే. సి.బి.ఐ. అయితే రాష్ట్రం సమ్మతి లేనిదే ఆ రాష్ట్రంలో మామూలుగా కాలు పెట్టజాలదు. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ సమ్మతిని 2018 నవంబరులో ఉపసంహరించుకున్నది. 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం మళ్లీ ఇచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆదరణ మారే ఉద్యోగం ఇది.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. దాని వెనుక కథ చాలామందికి తెలియదు. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది మరణించారు. వారు సైనికులు కారు, కేంద్ర రిజర్వు పోలీసులు. 1965 ఏప్రిల్ 9న కచ్ రాన్‌లోని సర్దార్ పోస్టు వద్ద పాకిస్తాన్ సైన్యాన్ని ఎదిరించి నిలిచినదీ ఈ పోలీసులే. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు దుండగులను మొదట గుర్తించి కేకవేసిన కమలేశ్ కుమారి ఈ దళపు కానిస్టేబులే. ఆమెకు మరణానంతరం అశోకచక్ర వచ్చింది. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవిలో ఒక్క ఉదయం 76 మంది ప్రాణాలు కోల్పోతే అందులో ఒక్కరు తప్ప అందరూ ఈ దళం వారే. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది.

మరణించినవారి పేర్లు మనం కొంతకాలమైనా తలచుకుంటాము. కాని ఈ దళంలో చేరినవారిలో అత్యధికులు మరణించరు. అదృష్టవశాత్తూ ఇంటికి వస్తారు. వారు కూడా అవే అడవుల్లో నడిచారు, అవే బస్సులు ఎక్కారు. ఎన్నికలంటే ఒక రాష్ట్రం, అల్లర్లంటే మరొక రాష్ట్రం. పిల్లల పుట్టుక, తల్లిదండ్రుల చావు కూడా సెలవు దొరికితేనే. కుటుంబాన్ని వెంట ఉంచుకునే అవకాశం చాలా కొద్దికాలం. ఇంటి బరువంతా మోసినది భార్య. సన్మాన సభల్లో ఆమెను వేదిక మీదకు పిలిచి మాట్లాడించినచోట్లు ఎన్ని ఉన్నాయో పెద్దలే ఆలోచించాలి.

మన ప్రాంతం విషయానికే వద్దాము. 2024 మే 13న పోలింగు రోజున, ఆ తర్వాతి రోజుల్లో మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో ఏమి జరిగినదీ ఎవరూ మరచిపోలేదు. ఓట్ల లెక్కింపు ముగిసిన తర్వాత కూడా 15 రోజులపాటు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలో ఉంచాలని ఎన్నికల సంఘం ఆదేశించవలసి వచ్చింది. ఇది మనకు గర్వకారణం కాదు. కాని ఆ రాత్రుళ్లు మన వీధుల్లో కవాతు చేసిన పరాయి ఊరి పోలీసును చూసి ఎందరు తల్లులు నెమ్మదిగా నిద్రపోయారో మనకు తెలుసు.

పేరున్నవారు, పేరులేనివారు

కేంద్ర పోలీసు ఉద్యోగాల్లో పేరు తెచ్చుకున్న తెలుగువారు లేకపోలేదు. హైదరాబాదు పోలీసు కమిషనరుగా పనిచేసిన కె. విజయరామారావు 1993 నుంచి 1996 వరకు సి.బి.ఐ. డైరెక్టరుగా ఉన్నారు. పదవీ విరమణ తర్వాత 1999లో ఖైరతాబాదు నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రి కూడా అయ్యారు. సత్యం కంప్యూటర్స్ కుంభకోణం 2009లో బయటపడినప్పుడు సి.బి.ఐ. దర్యాప్తును నడిపించిన వి.వి. లక్ష్మీనారాయణ పేరు ఇంటింటికీ చేరింది. ఆ కేసులో 2015 ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి. ఆయన 2018లో స్వచ్ఛంద విరమణ చేసి ప్రజాజీవితంలోకి వచ్చారు.

పెద్ద అధికారులకు పదవి పోయినా పలుకుబడి పోదు. వారిని సభలకు పిలుస్తారు, పుస్తకాలు వ్రాయమంటారు, పార్టీలు టిక్కెట్లు ఇస్తాయి. అదే కేసులో కాగితాలు మోసిన హెడ్ కానిస్టేబులు, అదే అడవిలో మందుపాతరల మీద ముందుగా అడుగు వేసిన కానిస్టేబులు ఇంటికి వచ్చిన తర్వాత ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో మళ్లీ యూనిఫారం వేసుకుని నిలబడుతున్నాడు. కష్టపడి బతకడం తప్పు కాదు. కాని దేశం ఇచ్చిన శిక్షణ అంతా గేటు తీయడానికి, వేయడానికి తప్ప మరెందుకూ పనికిరాలేదంటే తప్పు ఆయనది కాదు.

దక్కనివి ఏమిటి?

ఇక అసలు సంగతి. 2012 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ దళాల్లో పనిచేసి వచ్చినవారిని 'మాజీ కేంద్ర సాయుధ పోలీసు సిబ్బంది'గా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మాజీ సైనికులకు ఇచ్చే సదుపాయాల వంటివి వీరికీ ఇవ్వవలసిందని రాష్ట్రాలను కోరింది. కోరడం వేరు, ఆదేశించడం వేరు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తలుపు త్రివిధ దళాల వారికే తెరుచుకుంటుంది. 'మిలట్రీ ఆయన' అక్కడికి పోతే, మీరు మా పరిధిలోకి రారండీ అన్న జవాబు వస్తుంది. అక్కడి ఉద్యోగిని తప్పుపట్టి లాభం లేదు. నిబంధన అట్లా ఉన్నది.

పెన్షను సంగతి మరింత చిక్కు. 2004 జనవరి 1 తర్వాత చేరినవారికి పాత పెన్షను లేదు. జీతంలో కోత వేసి నిధిలో జమచేసే కొత్త పద్ధతి వర్తిస్తున్నది. సైన్యానికి దీని నుంచి మినహాయింపు ఉన్నది, వీరికి లేదు. వీరు కూడా దేశ సాయుధ బలగాలే కనుక పాత పెన్షను ఇవ్వవలసిందేనని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరి 11న తీర్పు చెప్పింది. ఆ తీర్పు అమలును అదే సంవత్సరం సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఏకీకృత పెన్షను పథకం తెచ్చింది. పాతికేళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం హామీ ఇచ్చింది. కొంత మేలే. కాని ఇందులో చేరడమా, పాత నిధిలోనే ఉండడమా అన్నది లెక్కలు తెలిసినవారికే తలనొప్పి. పదో తరగతితో పట్టాళంలో చేరినవానికి ఈ లెక్క ఎవరు విప్పి చెబుతారు?

ఈ విషయం ఇప్పుడే ఎందుకంటే, 2004లో చేరినవారికి 2024తో ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తయింది. ఇరవై ఏళ్లకు స్వచ్ఛంద విరమణ అడగవచ్చు. అంటే పాత పెన్షను లేని మొదటి తరం ఇప్పుడే ఇళ్లకు రావడం మొదలవుతున్నది. వయసు నలభై దాటింది, పిల్లలు ఇంకా హైస్కూలులో ఉన్నారు. తండ్రుల తరానికి పెన్షను పుస్తకం ఉన్నది కనుక ఊరు పట్టించుకోకపోయినా గడిచింది. ఈ తరానికి అట్లా గడవదు.

ఒకసారి న్యాయం జరిగిన ఉదాహరణ కూడా చెప్పాలి. కొన్ని దళాల్లో కానిస్టేబులు నుంచి కమాండెంటు వరకు 57 ఏళ్లకు, ఆ పై అధికారులకు 60 ఏళ్లకు విరమణ ఉండేది. ఈ తేడా వివక్ష అని ఢిల్లీ హైకోర్టు 2019 జనవరిలో చెప్పగా, అదే ఏడాది ఆగస్టులో అందరికీ 60 ఏళ్లు చేస్తూ హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అడిగినచోట మార్పు వచ్చిందనడానికి ఇది నిదర్శనం. మన రాష్ట్రంలోనూ గ్రామ పంచాయతీల్లో సైనికుల ఇళ్లకు ఇంటిపన్ను మినహాయింపును కేంద్ర బలగాల వారికి కూడా వర్తింపజేస్తామని 2025 మే నెలలో ప్రకటన వెలువడింది. హర్షణీయం. ఆ మినహాయింపు తమకు వర్తిస్తుందో లేదో పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకోవలసిందిగా ఆ కుటుంబాలకు మనవి.

కాదనేవారి మాట

జీతం తీసుకునే కదా పనిచేశారు, ప్రత్యేక గౌరవం దేనికని అనేవారున్నారు. పొలంలో ఎండకు మాడే రైతుకు, డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలీకి ఏ శాలువా వేశామని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న సబబైనదే. 1955లో పునాది వేసింది మొదలు 1967లో కాలువలకు నీరు వదిలేవరకు ఈ డ్యాం మీద చెమట ధారపోసిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు. అయితే ఒకరికి జరగని న్యాయం మరొకరికి కూడా జరగకూడదనడం న్యాయం కాదు. ఎవరి పని విలువ వారికి దక్కాలి.

మరి కొందరు ఇంకొక మాట అంటారు. పోలీసు చేతిలో అమాయకులు కూడా చనిపోయారు కదా అని. నిజమే. 2012 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సర్కేగూడలో 17 మంది మరణించిన ఘటనలో, చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ సంఘం తేల్చింది. దానిని దాచిపెట్టి చేసే పొగడ్తకు విలువ ఉండదు. యూనిఫారం వేసుకున్న ప్రతివానికీ మొక్కమని ఎవరూ అనడం లేదు. చేతిలో తుపాకీ ఉండి కూడా దానిని పేల్చకుండా ముప్పయ్యేళ్లు గడిపినవాడు, తనను తిట్టినవారిని కూడా కాపాడినవాడు, తన మీద చట్టం ఉన్నదని మరవనివాడు గౌరవించదగినవాడు. అటువంటివారిని గుర్తించి గౌరవించినప్పుడే, అట్లా లేనివారిని నిలదీసే హక్కు కూడా మనకు గట్టిగా ఉంటుంది.

ఏం చేయవచ్చు?

పెద్ద ఖర్చు లేనివే కొన్ని ఉన్నాయి. మొదటిది, జిల్లా కలెక్టరు గారు నెలకొక రోజు మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లో మాజీ కేంద్ర పోలీసు సిబ్బంది కోసం ప్రత్యేకంగా ఒక అర్జీల రోజు పెట్టవచ్చు. పెన్షను ఉత్తర్వుల్లో పేర్ల తప్పులు, నవంబరులో ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రాలు, బ్యాంకు తిప్పటలు అక్కడికక్కడే తేలిపోతాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వీరికి కూడా ఒక రిజిస్టరు పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

రెండవది వైద్యం. కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి. సాగర్ నుంచి హైదరాబాదు సుమారు 150 కిలోమీటర్లు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి మందుబిళ్లల కోసం అంత దూరం పోవాలా? పల్నాడులోనే ఒక ఆసుపత్రిని ఈ పథకం కింద గుర్తించాలని మన లోక్‌సభ సభ్యులు, శాసనసభ్యులు గట్టిగా అడగాలి.

మూడవది మన చేతిలోనిది. ఈ దళాల్లో కానిస్టేబులు నియామక పరీక్షను 2024 నుంచి తెలుగులో కూడా వ్రాయవచ్చు. ఇంగ్లీషు, హిందీ రాక వెనుకబడిన మన పిల్లలకు ఇది మంచి అవకాశం. తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీస్తున్న కుర్రాళ్లను చూస్తూనే ఉన్నాము. వారు వేలకు వేలు పోసి ఎక్కడికో శిక్షణకు పోనక్కరలేదు. పరుగు ఎట్లా తీయాలో, ఆ ఉద్యోగంలో కష్టమేమిటో, సుఖమేమిటో ఉన్నదున్నట్లు చెప్పగలిగినవారు ఊళ్లోనే ఉన్నారు. హైస్కూలు ఆటస్థలం వారానికి రెండు రోజులు ఆయనకు అప్పగించండి. వరద వచ్చినప్పుడు, తిరునాళ్లలో జనం కిక్కిరిసినప్పుడు ఆయన సలహా అడగండి. అడిగితే కాదనేవారు వారిలో ఉండరు.

మన నేలకు ఇది కొత్త కాదు. ఈ జలాశయం కింద మునిగిన ఇక్ష్వాకుల విజయపురిలో తవ్వకాలు జరిపినప్పుడు ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. అవి రాజులకు మాత్రమే ఎత్తినవి కావు. సేనాపతులకు, పోరులో పడిన సైనికులకు, ఒక శిల్పికారునికి కూడా ఎత్తినవి. కారంపూడిలో నేటికీ ఏటా వీరారాధన జరుగుతున్నది. చనిపోయిన వీరునికి రాయి నిలబెట్టడం పల్నాటికి పదిహేడు వందల ఏళ్లుగా తెలుసు. బతికి వచ్చినవానికి కుర్చీ వేసి, కాగితం చదివి పెట్టడం నేర్చుకోవలసి ఉన్నది.

రానున్న అక్టోబరు 21న పోలీసు మైదానాల్లో ఎట్లాగూ వందన సమర్పణ జరుగుతుంది. ఆ రోజు సాయంత్రం సాగర్‌లోనూ ఒక సభ పెట్టండి. శాలువాలతో పాటు పెన్షను నిబంధనలు తెలిసిన ఒక గుమాస్తాను, అర్జీలు వ్రాయగలిగిన ఇద్దరు ఉపాధ్యాయులను కూడా పిలవండి. ఆ సభకు వచ్చిన ప్రతి మాజీ జవాను పేరు, ఆయనకు రావలసినదేమిటో ఒక పుస్తకంలో వ్రాయించండి. మరుసటి అక్టోబరుకు ఆ పుస్తకం తెరచి, అందులో ఎన్ని పనులు పూర్తయినవో సభలోనే చదివి వినిపించండి.